మాటిమాటికీ కాలే ట్రాన్స్‌ఫార్మర్: 160 కేవీఏ అడగడానికి ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. సిద్దిపేట వైపు ఊరు. 100 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల భారానికి కొలత ఇది) ట్రాన్స్‌ఫార్మర్ కింద 18 బోరు మోటార్లు, అన్నీ కాగితం మీద 5 హెచ్‌పీవే. ఈ యాసంగిలో రెండుసార్లు కాలింది. చివరి పొలాల వాళ్లకు వోల్టేజీ రాక మోటార్లు కూడా కాలుతున్నాయి. దాన్ని తీసేసి 160 కేవీఏ వేయించుకుందామని ఊరంతా విద్యుత్ సంస్థ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి చుట్టూ తిరుగుతున్నారు. అది వస్తే మన కష్టం తీరుతుందా?

సగమే తీరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలడం కొంత తగ్గవచ్చు. చివరి పొలాల వాళ్ల కష్టం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. నేను విద్యుత్ పంపిణీ వైపు ఆపరేషన్ విభాగంలో సబ్ ఇంజనీరుగా చేరి ఏడీఈగా (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా) రిటైరయ్యాను. వ్యవసాయ ఫీడర్ల మీదే ఎక్కువ పనిచేశాను. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకుని రెండేళ్లకే మళ్లీ అదే సమస్యతో వచ్చిన ఊళ్లు చాలా చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల వైపు, అంటే మోటార్లకు కరెంటు వెళ్లే వైపు, ఒక్కో ఫేజుకు (మూడు కరెంటు తీగల్లో ఒక్కోదానికి) మోయగలిగింది 133 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటారు మంచి వోల్టేజీ దగ్గర ఏడున్నర, ఎనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. వోల్టేజీ తగ్గితే అదే పని చేయడానికి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. రెండు మూడుసార్లు రీవైండింగ్ అయిన మోటారైతే ఇంకా ఎక్కువ. మీ ఊళ్లో సగటున 9 అనుకుందాం. 18 మోటార్లు ఒకేసారి నడిస్తే 162 ఆంపియర్లు. అంటే 22 శాతం అదనపు భారం. చూడటానికి చిన్నదే. కానీ వైండింగులో (లోపలి తీగ చుట్టల్లో) పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కాగితం ఇన్సులేషన్ వేడి హద్దు దాటాక, ప్రతి 6 డిగ్రీల అదనపు వేడికి దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. మార్చి, ఏప్రిల్ ఎండలో రోజంతా ఇలా నడిస్తే ఇరవై ఏళ్లు ఉండాల్సింది రెండు సీజన్లకే పోతుంది.

ఇప్పుడు చివరి పొలం సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 800 మీటర్ల దూరంలో ఐదు మోటార్లు ఉన్నాయనుకోండి. మొత్తం 45 ఆంపియర్లు. లైన్‌లో 34 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ ఉంటే దాని నిరోధం కిలోమీటరుకు దాదాపు ఒక ఓం. ఆ లెక్కన ఫేజుకూ ఫేజుకూ మధ్య 60 వోల్టుల దాకా దారిలోనే పోతాయి. అదనపు భారం వల్ల ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఇంకో 20 వోల్టులు పడిపోతాయి. 433తో బయలుదేరింది చివరి స్టార్టర్ దగ్గరకు 350గా చేరుతుంది. నిబంధనల ప్రకారం ఎల్‌టీలో (మోటార్లకు వచ్చే తక్కువ వోల్టేజీ లైన్‌లో) 415 వోల్టులకు 6 శాతం అటూ ఇటూ ఉండాలి. అంటే 390 కన్నా తగ్గకూడదు. 350 దగ్గర మోటారు తిప్పే బలం దాదాపు 70 శాతానికి పడిపోతుంది. నీళ్లు తక్కువ వస్తాయి, మోటారు ఎక్కువ వేడెక్కుతుంది.

100 తీసేసి 160 పెడితే ఈ లెక్కలో ఏం మారుతుంది? ట్రాన్స్‌ఫార్మర్ లోపల పడిపోయే వోల్టేజీ మాత్రమే కొంచెం తగ్గుతుంది. చివరి రైతుకు దక్కేది పది వోల్టుల లోపే. ఆ 800 మీటర్ల సన్న తీగ అలాగే ఉంది, అందులో పోయే 60 వోల్టులూ అలాగే ఉన్నాయి. ఈ మాట ఊళ్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి పొలాల వాళ్లూ చివరి పొలాల వాళ్లూ ఒకే మందు అడుగుతున్నారు గానీ, రోగం ఇద్దరిదీ ఒకటి కాదు.

మొదట చేయాల్సింది కొలవడం. లైన్‌మన్‌ను టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే పరికరం) తెమ్మని అడగండి. మోటార్లన్నీ నడిచే సమయంలో డిస్ట్రిబ్యూషన్ బాక్సు దగ్గర మూడు ఫేజులూ, న్యూట్రలూ కొలిచి కాగితం మీద రాయించుకోండి. చివరి స్టార్టర్ దగ్గర వోల్టేజీ కూడా కొలిపించండి. ఈ పని మీరు స్వయంగా చేయొద్దు. మూడు ఫేజుల్లో ఒకటి 190, ఒకటి 120 అని తేడా కనిపిస్తే ఎక్కడో సింగిల్ ఫేజు లోడు ఒకే తీగ మీద పడిందని అర్థం. పొలాల్లో కట్టుకున్న ఇళ్లు, కోళ్ల షెడ్లు, కొక్కేలు వేసి నడిపే లైట్లు సాధారణంగా అందినచోట, అంటే ఒకే ఫేజు మీద ఉంటాయి. వాటిని మూడింటికీ సర్దడానికి లైన్‌మన్‌కు ఒక పూట చాలు. పైసా ఖర్చు లేకుండా కొంత భారం తగ్గే మార్గం ఇది. చాలా ఊళ్లలో దీన్ని అడిగేవాళ్లే లేరు.

తర్వాత ఆటో స్టార్టర్లు, అంటే కరెంటు రాగానే మోటారును వాటంతటవే వేసేవి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మోటారు స్టార్టయ్యే క్షణాల్లో మామూలుగా తీసుకునేదానికి ఆరు రెట్ల కరెంటు లాగుతుంది. ఒక్కొక్కటిగా స్టార్టయితే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పట్టించుకోదు. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడు 18 ఆటో స్టార్టర్లూ ఒకేసారి లాగితే లెక్క ప్రకారం 970 ఆంపియర్లు. 133 ఆంపియర్ల యంత్రం మీద! ఆ దెబ్బకు వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ లేక మోటార్లు వేగం అందుకోలేవు. వేగం అందుకోలేదు కాబట్టి ఆ పెద్ద కరెంటు రెండు మూడు సెకన్లలో ఆగకుండా సాగుతుంది. ఫ్యూజులు పోతే అదృష్టం. పోకపోతే వైండింగు లోపల కాయిళ్లు ఒక్కసారిగా అదురుతాయి. ఇది ఒక్క రోజుతో పోదు. లైన్ ట్రిప్ అయి వచ్చిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా కాయిళ్లు వదులవుతాయి. చివరికి ఒక రాత్రి లోడు లేనప్పుడు కాలిపోతుంది. "రాత్రి మోటార్లే నడవడం లేదు కదా సార్, ఎలా కాలింది?" అని రైతులు అడిగేవాళ్లు. అసలు కారణం చాలాసార్లు ఇదే.

తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. కొందరు తీశారు, చాలామంది మళ్లీ పెట్టుకున్నారు. వాళ్ల భయం నాకు తెలుసు. అర్ధరాత్రి కరెంటు వస్తే పాములు, పందులు తిరిగే చేను గట్టు మీద నడిచి వెళ్లి మోటారు వేయాలని ఎవరికి ఉంటుంది? అందుకే "తీసేయండి" అని ఊరికే చెప్పి లాభం లేదు. తీయలేకపోతే స్టార్టర్‌లో ఆలస్యంగా స్టార్టు చేసే టైమరు పెట్టించండి. చాలా కొత్త ప్యానెళ్లలో అది ఉండనే ఉంటుంది. కానీ అందరూ దాన్ని ఒకే అంకె మీద వదిలేస్తారు. దానివల్ల ప్రయోజనం లేదు. మొదటి మోటారుకు 30 సెకన్లు, రెండో దానికి నిమిషం, మూడో దానికి నిమిషంన్నర, ఇలా 18 మందికీ 18 వేర్వేరు సమయాలు పెట్టి, స్టార్టర్ డబ్బా మీద పెయింటుతో రాయించండి. పాత స్టార్టరుకు టైమరు విడిగా బిగించవచ్చు. ఒక రీవైండింగుకు అయ్యే ఖర్చులో అది చిన్న భాగం. ఫోనుతో నడిపే మొబైల్ స్టార్టరు ఉన్నవాళ్లు ఆటో మోడ్ ఆపేసి ఫోనుతోనే వేసుకోవచ్చు.

కెపాసిటర్లు కూడా అంతే ముఖ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక పెట్టిన షరతుల్లో ఐఎస్ఐ మార్కు మోటారు, నీటి రాపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, మంచి ప్లాస్టిక్ పైపులతో పాటు కెపాసిటర్ కూడా ఉంది. ఇప్పుడు పొలాల్లో చూస్తే పది మోటార్లకు రెండింటికైనా పనిచేసే కెపాసిటర్ ఉండదు. ఉన్నా వైరు పీకేసి ఉంటుంది. దాని పని చెబుతాను. మోటారు తీసుకునే కరెంటులో ఒక భాగం నిజంగా నీళ్లు తోడుతుంది. ఇంకో భాగం మోటారు లోపల అయస్కాంత క్షేత్రం నిలపడానికి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ఆ రెండో భాగం కూడా ట్రాన్స్‌ఫార్మర్ నుంచే, ఆ 800 మీటర్ల తీగలోంచే రావాలి. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యానికి కొలత) కెపాసిటర్ పెడితే ఆ భాగంలో దాదాపు సగం అక్కడికక్కడే దొరుకుతుంది. 9 ఆంపియర్లు తీసుకునే మోటారు లైన్ నుంచి ఏడున్నర లోపే తీసుకుంటుంది. 18 మోటార్లకూ పెడితే 162 కాస్తా 133 దగ్గరకు వస్తుంది. ఇంకే మార్పూ చేయకుండానే మీ 100 కేవీఏ తన హద్దులోకి వచ్చేసిందన్నమాట. లైన్‌లో పోయే వోల్టేజీ కూడా తగ్గుతుంది కాబట్టి చివరి పొలంలో ఉన్నవాళ్లకే ఎక్కువ లాభం.

కెపాసిటర్‌ను స్టార్టర్ కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి విడదీసే భాగం) తర్వాత, మోటారు వైపు బిగించాలి. అప్పుడే మోటారు ఆగితే అదీ ఆగుతుంది. పెద్దది పెడితే ఎక్కువ లాభమని 4, 5 కేవీఏఆర్ పెట్టకండి, వోల్టేజీ పెరిగి మోటారుకే చెరుపు. స్విచ్ ఆపిన వెంటనే దాని టెర్మినళ్లు ముట్టుకోవద్దు, కాసేపు చార్జి నిలిచి ఉంటుంది. పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

కాస్త ఇబ్బందైన విషయం కూడా చెప్పాలి. నిజంగా మీ 18 మోటార్లూ 5 హెచ్‌పీవేనా? నీళ్లు లోతుకు పోయినకొద్దీ బోరు లోతు పెంచుతాం, పంపుకు స్టేజీలు పెంచుతాం, మోటారు ఏడున్నరకో పదికో మారుస్తాం. కాగితం మీద మాత్రం 5 హెచ్‌పీగానే ఉంటుంది. ఏడున్నర హెచ్‌పీ మోటారు 11, 12 ఆంపియర్లు తీసుకుంటుంది. సంస్థ వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందా లేదా అని చూసేది రికార్డులో ఉన్న హెచ్‌పీని బట్టి. మనం దాచిన ప్రతి హెచ్‌పీ మన దరఖాస్తునే బలహీనం చేస్తుంది. "18 అయిదులు 90 హెచ్‌పీ, 100 కేవీఏ చాలు" అని ఫైలు వెనక్కి వచ్చేస్తుంది. లోడు రెగ్యులరైజ్ చేసుకోండి, అంటే నిజంగా ఉన్న హెచ్‌పీని రికార్డులోకి ఎక్కించుకోండి. పేరే లేకుండా నడిచే మోటార్లు ఉంటే వాటికీ సర్వీసు తీసుకునేలా ఊళ్లో ఒప్పించండి. ఇది తిట్టడానికి చెప్పడం లేదు. బోరు ఎండిపోతుంటే పైరు ముందు నిలబడ్డ రైతు ఏం చేస్తాడో నాకు తెలుసు. కానీ ఒకరి పది హెచ్‌పీ మోటారు భారం చివరి చేలో ఉన్న ఇంకొకరి మోటారు కాలడంగా తేలుతోంది.

ఇక అన్నిటికన్నా పెద్ద ఉపశమనం వంతులు. 18 మోటార్లూ ఒకే గంటలో నడవాల్సిన అవసరం లేదు. తొమ్మిదేసి మోటార్లు రెండు జట్లుగా నడిస్తే కరెంటు 81 ఆంపియర్లు, వైండింగు వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. చెరువు కింద నీరటి వంతు ప్రకారం తూము నీళ్లు పారించినట్టే, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద కరెంటును కూడా పారించుకోవచ్చు. మన ఊళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. రాత్రి వంతు ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి రెండు వంతులూ పగలే పెట్టండి. పొద్దున 5 నుంచి 11 దాకా ఒక జట్టు, 11 నుంచి సాయంత్రం 5 దాకా ఇంకో జట్టు. వారానికోసారి వేళలు మార్చుకుంటే ఎవరికీ అన్యాయం ఉండదు.

"ఆరు గంటలతో పొలం పారుతుందా?" అని తప్పకుండా అడుగుతారు. రెండు విషయాలు చూడండి. 350 వోల్టుల దగ్గర రోజంతా ఈడ్చుకుంటూ నడిచే మోటారు, 410 దగ్గర నడిస్తే గంటకు పోసే నీళ్లు పెరుగుతాయి. ఇక మీ వైపు చాలా బోర్లు కొన్ని గంటలకే ఆగి ఆగి పోయడం మొదలుపెడతాయి. నీళ్లు ఊరేదాకా మోటారు తిరిగినా కరెంటు ఖర్చే తప్ప నీళ్లు పెరగవు. జట్లు కట్టేటప్పుడు పక్కపక్క బోర్లను వేర్వేరు జట్లలో వేయండి. ఒకటి తోడుతున్నప్పుడు పక్కదానిలో నీటిమట్టం దిగిపోవడం మీరూ గమనించే ఉంటారు. వేర్వేరు వేళల్లో నడిస్తే రెండింటికీ నీళ్లు బాగా అందుతాయి. చివరి ఐదు మోటార్లను కూడా రెండు జట్లకూ పంచండి, అప్పుడే లైన్ మీద భారం సమానంగా పడుతుంది. ఇది నోటిమాటగా పెట్టుకుంటే నెల కూడా నిలవదు. పేర్లు, వేళలు రాసి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బోర్డు పెట్టండి. వంతు తప్పినవాళ్లతో ఎవరు మాట్లాడాలో కూడా ముందే అనుకోండి. ఆంధ్రాలో పగలు 9 గంటల సరఫరా ఉన్నచోట నాలుగున్నర గంటల చొప్పున ఇదే పని చేయవచ్చు.

వరికి నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలన్న నియమం లేదు. చిల్లులు పెట్టిన పైపు ముక్క మడిలో పాతి, లోపల నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాక మళ్లీ తడి ఇచ్చే తడి-పొడి పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చాలాకాలంగా చెబుతోంది. నాటిన మొదటి రోజుల్లో, పూత దశలో మాత్రం నీళ్లు నిలపాలి. మీ మండల వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగితే చేలోకి వచ్చి చూపిస్తారు. మోటారు నడిచే గంటలు తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్‌కు అంతకన్నా మంచి చికిత్స లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర కూడా కొన్ని చూసుకోవాలి. ఫ్యూజు పోయినప్పుడు సరైన వైరు దొరక్క అల్యూమినియం కండక్టర్ పోగు చుట్టేయడం ప్రతి ఊళ్లో ఉంది. అప్పుడు కాలాల్సిన ఫ్యూజు కాలదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. సరైన ఫ్యూజు వైరు ఒక చుట్ట ఊళ్లోనే ఉంచమని లైన్‌మన్‌ను అడగండి. ఎర్తు గుంతలు ఎండాకాలంలో పొడిబారిపోతాయి. రెండు మూడు రోజులకోసారి బిందెడు నీళ్లు పోయండి, ఎర్తు తీగ తెగి ఉంటే మాత్రం ముట్టుకోకుండా ఫోన్ చేయండి. ఆయిల్ కారుతున్న మరకలు ఉన్నా, బ్రీతరులో (ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చే డబ్బాలో) నీలంగా ఉండాల్సిన గింజలు గులాబీ రంగుకు మారినా చెప్పండి. వేలాడే ఎల్‌టీ తీగలు గాలికి ఒకదానికొకటి తగిలినప్పుడల్లా పూర్తి షార్టు దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ మీదే పడుతుంది. వాటిని బిగించి, మధ్యలో స్పేసర్లు వేయించుకోండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే 11 కేవీ సరఫరాను విడదీసే స్విచ్) దించాం కదా అని ఎవరూ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కొద్దు. మూడు బ్లేడుల్లో ఒకటి విడిపోకుండా ఉండిపోవడం కింద నుంచి కనిపించదు. ఫ్యూజు వేయడానికి ఎక్కి ప్రాణం పోయిన రైతుల ఇళ్లకు నేను వెళ్లాను. నీళ్లు ఒక పూట ఆలస్యమైనా పైరు బతుకుతుంది. లైన్‌మన్ వచ్చి లైన్ క్లియర్ (సరఫరా ఆపించి పనికి తీసుకునే అనుమతి) తీసుకున్నాకే పని జరగాలి.

ఇవన్నీ చేశాక కూడా చివర వోల్టేజీ చాలకపోతే అప్పుడు అడగండి. అయితే 160 కాదు. ఉన్న 100 ఉన్నచోటే ఉంచి, చివరి పొలాల మధ్యకు 11 కేవీ లైన్ పొడిగించి అక్కడ 63 కేవీఏ గానీ రెండు 25 కేవీఏలు గానీ అడగండి. 11 కేవీలో అదే శక్తిని పంపడానికి కావాల్సిన కరెంటు ఎల్‌టీలో కన్నా దాదాపు 25 రెట్లు తక్కువ. అందుకే దారిలో పోయేది దాదాపు ఏమీ ఉండదు. మన దగ్గర హెచ్‌వీడీఎస్ (అధిక వోల్టేజీ పంపిణీ పద్ధతి) పేరుతో మూడు నాలుగు మోటార్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన చోట్ల ఇంకో లాభం కూడా కనిపించింది. ట్రాన్స్‌ఫార్మర్ నలుగురిదే అయితే ఆ నలుగురూ దాన్ని కనిపెట్టుకుని ఉంటారు, కొత్త కొక్కెం పడనివ్వరు.

ఫీడరు మీద సోలార్ ప్లాంటు వస్తే మన ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుందా అని కూడా అడిగారు. కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం కుసుమ్ కింద సబ్‌స్టేషన్ దగ్గర పెట్టే ప్లాంటు వల్ల పగటిపూట సబ్‌స్టేషన్ మీద, పై లైన్ల మీద భారం తగ్గుతుంది. మంచిదే. కానీ ఆ కరెంటు కూడా మీ 100 కేవీఏలోంచే మీ మోటార్లకు రావాలి. కాబట్టి దీనికి అది జవాబు కాదు.

దరఖాస్తు ఏఈ గారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. దానితో పాటు టాంగ్ టెస్టర్ అంకెలు, చివరి వోల్టేజీ, కాలిన తేదీలు, రెగ్యులరైజ్ అయిన హెచ్‌పీల జాబితా జతచేయండి. ఇలాంటి కాగితం వస్తే అంచనా తయారు చేయడం అధికారికీ సులువు. "మా ఊరికి పెద్దది కావాలి" అన్న ఒక్క వాక్యం మీద నేనైనా ఏం రాయగలిగేవాణ్ని? మళ్లీ కాలితే వెంటనే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. పల్లెల్లో 48 గంటల్లోగా మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి సేవా ప్రమాణాల్లో ఉంది. మార్చకపోతే 2003 విద్యుత్ చట్టం కింద ఏర్పాటైన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయవచ్చు. అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వకీలు అవసరం లేదు.

వరి నాట్లకు ముందే కొలతలు తీయిస్తే మంచిది. అప్పటికి మోటార్లన్నీ నడవకపోతే ఒక అరగంట కోసం అందరూ వరుసగా, ఒకటి తర్వాత ఒకటి వేసి కొలవండి. మూడు ఫేజులు, న్యూట్రలు, చివరి వోల్టేజీ, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి మోటారుకు దూరం. ఈ అంకెలు పంపితే 63 కేవీఏ ఏ స్తంభం దగ్గర అడగాలో లెక్కగట్టి చెబుతాను.